రెండు అలాస్కాలు

శుక్రవారం

ముందు ఆ మంగళవారం ఉదయం సంగతి రాసుకోవాలి. మళ్ళీ ఎవరైనా అడిగితే తడుముకోకూడదు.

మామూలు ఉదయమే. అందరికంటే ముందు లేచాను. ప్రార్థన చేసుకున్నాను. మెట్లు దిగి వర్క్‌షాపు తలుపు తీశాను. రాత్రి పూసిన వార్నిష్ వాసన గుప్పున కొట్టింది. కిటికీలు తెరిచాను. స్కూలు ఆర్డరు గోళాలు తాడుకి వరసగా వేలాడుతున్నాయి, ఆరేసిన బట్టల్లా. కాసేపటికి తమ్ముడు దిగి, ఫోన్లో ఎవరితోనో అరవడం మొదలుపెట్టాడు. చెల్లెలు జిగురు గిన్నె కడుగుతూ వాడి మీద అరిచింది. మరదలు టీ తెచ్చి నా పక్కన పెట్టింది. చల్లారాక తాగాను. నాన్న కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడది నా కుర్చీ.

ఒక్కో గోళం ఒళ్ళోకి తీసుకున్నాను. ఎడమ చేత్తో తిప్పాలి, కుడి బొటనవేలు అతుకుల మీద పోనివ్వాలి. అట్ట బంతి మీద పన్నెండు పటం పట్టీలు అతికిస్తే ప్రపంచం. ఒక్కో దేశం వేలి కిందికి రాగానే దానికోసం దేవుడికి ఒక మాట చెప్పుకుంటాను. ఇథియోపియాలో వానలు పడనీ. బొలీవియాకి సముద్రం లేదు, దిగులు పడనీకు. స్విట్జర్లాండ్‌కి అన్నీ ఉన్నాయి, ఇక నీ ఇష్టం. ఏ దేశమైనా తప్పిపోతే ప్రార్థన అక్కడ ఆగుతుంది. అదే నా తనిఖీ. చెల్లెలు జడలు వేసుకునే రోజుల నుంచీ ఇదే.

ఆ రోజు ఎక్కడా ఆగలేదు. న్యూజిలాండ్‌కీ చెప్పాను. అక్కడి గొర్రెల్ని చల్లగా చూడమన్నాను. బాగా గుర్తుంది. అంటే న్యూజిలాండ్ ఉంది. లేకపోతే నేనెలా ప్రార్థిస్తాను?

ఇంత ఎందుకు రాసుకున్నానంటే, ఇవాళ మధ్యాహ్నం ఆ స్కూలు హెడ్మిస్ట్రెస్ గారు ఫోను చేశారు. తమ్ముడు స్పీకరు పెట్టాడు. తిట్లు ఒక్కడే తినే అలవాటు లేదు వాడికి.

"మీ గోళంలో న్యూజిలాండ్ లేదండీ."

"చిన్న దేశమండీ. కాస్త కింద చూడండి."

"కిందా చూశాం, పైనా చూశాం. ఆడవాళ్ళకి మొట్టమొదట ఓటిచ్చిన దేశం చూపించమని పిల్లల్ని అడిగాను. క్లాసు క్లాసంతా గోళం మీద పడి వెతికింది. ఫిజీ లేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ లేదు. రష్యాకి తూర్పు కొస లేదు."

"మరి అక్కడేముందండీ?"

"అలాస్కా."

"అలాస్కా ఉండాల్సిందేగా అండీ!"

"రెండున్నాయి."

తమ్ముడు ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే ఒకటి ఎక్కువే ఇచ్చాం కదండీ" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. గోళాలన్నీ తిప్పి పంపిస్తున్నానన్నారు. నెలాఖరుకి కొత్తవి రావాలి. అందులో ఒక్క దేశం తప్పినా తమ స్కూళ్ళలో వేటికీ ఇక మా గుమ్మం తొక్కే పని లేదన్నారు. ఫోను పెట్టేశారు.

"ఓటిచ్చిన పాపానికి దేశాన్నే లేపేశారు అనుకుంటారు ఆడపిల్లలు" అంది చెల్లెలు.

శనివారం

గోళాలు తిరిగొచ్చాయి. మరదలు ఒక్కోటీ విప్పి బల్ల మీద పెట్టింది. అన్నిట్లోనూ చివరి పట్టీ ఒక్కటే తప్పు. ఒకటో పట్టీ నుంచి పదకొండో పట్టీ దాకా ప్రపంచం సవ్యంగానే ఉంది. పన్నెండోది ఉండాల్సిన చోట మళ్ళీ ఒకటోది ఉంది. ఒకటో పట్టీ నెత్తిన అలాస్కా, కిందంతా సముద్రం. పన్నెండో పట్టీ నెత్తిన రష్యా తోక, మధ్యలో సముద్రం, అడుగున న్యూజిలాండ్. దూరం నుంచి రెండూ నీలమే.

విచారణ జరిగింది. పన్నెండో అరలో ఒకటో పట్టీలు పెట్టింది తమ్ముడు. ఫోన్లో ఉన్నాడట. అతికించింది చెల్లెలు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అన్నాడు వాడు.

"ఆ సాయంత్రం నీతో పోట్లాడుతున్నాను అన్నయ్యా. పోట్లాడేటప్పుడు నేను చేతుల వంక చూడను, మనిషి వంక చూస్తాను."

రష్యా అలాస్కాని 1867లో అమెరికాకి అమ్ముకుంది. మిగిలిన కొస మేం ఊరికే ఇప్పించాం. సైన్యం లేదు, సంతకాల్లేవు. జిగురుతో అయిపోయింది.

తర్వాత ముగ్గురూ నా వంక చూశారు.

"ఈ బల్బు గుడ్డిగా ఉంది" అన్నాను.

తమ్ముడు బల్బు మార్చాడు.

ఆదివారం

ప్రార్థన. విశ్రాంతి. ఈ నోటు పుస్తకాల వాళ్ళు గీతలు మరీ పలచగా వేస్తున్నారు.

సోమవారం

స్కూలుకి వెళ్ళి క్షమాపణ ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న వచ్చింది. తమ్ముడు చెల్లెలి పేరు చెప్పాడు. చెల్లెలు తమ్ముడి పేరు చెప్పింది. ఇద్దరూ కలిసి నా పేరు చెప్పారు. పెద్దదాన్నట, నా మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుందట.

మా ఇంట్లో తెగని విషయాలు గోళం మీద తెగుతాయి. నాన్న పెట్టిన పద్ధతి. కళ్ళు మూసుకుని గోళం తిప్పి వేలు పెట్టాలి. వేలు నీళ్ళ మీద పడిందా, నేల మీద పడిందా? కిటికీ పక్క మంచం ఎవరిదన్న దగ్గర్నుంచి, నాన్న పోయాక వర్క్‌షాపు ఉంచాలా తీసేయాలా అన్నదాకా అన్నీ ఇలాగే తేలాయి. ముందు ఎంచుకునే హక్కు పెద్దవాళ్ళది. నేనెప్పుడూ నీళ్ళే అంటాను. భూమి మీద పదింట ఏడు పాళ్ళు నీళ్ళని చెల్లెలు స్కూల్లో చదువుకున్న రోజు ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు. "ఇన్నేళ్ళూ మమ్మల్ని ముంచావు" అంది. ముంచేవి కనకే వాటిని నీళ్ళు అంటారు అన్నాను. పద్ధతి మాత్రం మారలేదు.

ఇవాళా నీళ్ళే అన్నాను. నీళ్ళే పడ్డాయి. నేను తప్పించుకున్నాను. మిగిలిన ఇద్దరిలో పెద్దవాడు కాబట్టి తమ్ముడు చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడు. గంటకి తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?"

"ఖండాలు ఎన్ని అని అడిగారు నన్ను. పిల్లల ముందు."

"చెప్పావా?"

"ఆరు అన్నాను. కంగార్లో అంటార్కిటికా పోయింది."

"అది మా అరలోనే ఉందండీ, అతికించడం మర్చిపోయాం అనాల్సింది" అంది చెల్లెలు.

మంగళవారం

కొత్త గోళాలు మొదలయ్యాయి. అతికించేటప్పుడు తమ్ముడు, చెల్లెలు మాట్లాడుకోకూడదని తీర్మానం. వర్క్‌షాపు శ్మశానంలా ఉంది. మధ్యాహ్నానికి మరదలే బతిమాలింది, "కాస్త తిట్టుకోండి, భయమేస్తోంది" అని.

తమ్ముడు టీవీలో వార్తలు పెట్టాడు. ఎక్కడో ఒక దేశంలో ఓ ముక్క విడిపోతానంటోందట. వార్తలంటే మా ఇంట్లో వేరే లెక్క. సోవియట్ యూనియన్ పదిహేను దేశాలైనప్పుడు నాన్న మూడు పూటలు అన్నం ముట్టలేదు. ఆయన కమ్యూనిస్టేమీ కాదు. స్టాకు అంత ఉంది. చెకోస్లొవాకియా రెండైనప్పుడు, "కలిసుంటే వీళ్ళ సొమ్మేం పోయింది?" అన్నాడు. దక్షిణ సూడాన్ పుట్టిన ఏడు తమ్ముడు మంచం పట్టాడు. స్వాజీలాండ్ పేరు ఎస్వాతినీ అయినప్పుడు మరదలు వేలి గోరంత చీటీలు కత్తిరించి ప్రతి గోళం మీదా అంటించింది. స్వాతంత్ర్యం మంచిదే. నెలాఖరు దాటాక వస్తే ఇంకా మంచిది. ప్రార్థనలో ఆ మాటే చెప్పాను.

సాయంత్రం టీ కప్పు అందుకోబోతే అక్కడ లేదు. మరదలు కప్పు నా వేళ్ళ దగ్గరికి జరిపింది. రోజూ అక్కడే ఉంటుంది కప్పు. ఎవరు జరిపారో.

బల్బు మళ్ళీ మార్పించాను. తమ్ముడు నిచ్చెన దిగుతూ, "అక్కా, ఇది సినిమా షూటింగుకి వాడే బల్బు. దీనికంటే పెద్దది కావాలంటే సూర్యుడే" అన్నాడు.

బుధవారం

కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. షాపుకి వెళ్దాం, జిగురు కొనాలి అని చెప్పి తీసుకెళ్ళారు. పెద్దదానితో ఇలాంటి ఆటలు.

నా ముందు కూర్చున్నాయన గోడ మీది అక్షరాలు గట్టిగా చదివాడు. పై నుంచి కింది దాకా, తప్పుల్లేకుండా. నాకు ఒకసారి వింటే చాలు. నా వంతు రాగానే నేనూ పై నుంచి కింది దాకా చదివాను. తప్పుల్లేకుండా. తమ్ముడు హమ్మయ్య అన్నాడు.

డాక్టరు గారు, "భలే. ఇప్పుడు కింది నుంచి పైకి చదవండమ్మా" అన్నారు.

అలా కూడా చదివేదాన్నే. చెల్లెలు వెనక నుంచి, "అక్కా, నువ్వు గోడ వైపు కూర్చోలేదు. కిటికీ వైపు కూర్చున్నావు" అంది.

రెండు కళ్ళకీ శుక్లాలు. బాగా ముదిరాయి. చిన్న ఆపరేషనే అన్నారు. మధ్యాహ్నానికి ఇంటికెళ్ళిపోవచ్చన్నారు. స్కూలు ఆర్డరు అయ్యాక చూద్దామన్నాను. ఆర్డరు అవ్వాలంటే కళ్ళు కావాలి కదమ్మా అన్నారు ఆయన. డాక్టర్లకి ఎదురు మాట్లాడటం నేర్పుతారేమో.

గురువారం

నాన్న సంగతి రాయను.

శుక్రవారం

నాన్నకీ చిన్న ఆపరేషనే అన్నారు. కాస్త మసగ్గా కనిపిస్తోందని లోపలికి వెళ్ళాడు. కట్టు విప్పాక ఆ మసక కూడా లేదు.

ఆ తర్వాతా ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. గోళం ఆయన ఒళ్ళో పెట్టి నేను తిప్పేదాన్ని, పేర్లు చదివేదాన్ని. ఆయన తలూపితే ఆ గోళం అమ్మకానికి వెళ్ళేది. ఉత్త పేర్లయితే ఆయనకి నిద్ర వచ్చేది. అందుకని ఒక్కో దేశానికీ ఒక్కో మాట చేర్చాను. స్విట్జర్లాండ్ మాట వింటే ప్రతిసారీ నవ్వేవాడు. అలా పుట్టింది నా తనిఖీ.

అప్పటి రోజులు వేరు, ఇప్పటి డాక్టర్లు వేరు అంటున్నారు అందరూ. నిజమే, వేరే. ఆ ఆస్పత్రి వరండా నాకు ఇంకా కనిపిస్తూనే ఉంది. దానికి మాత్రం ఏ బల్బూ అక్కర్లేదు.

నాకు బాగానే కనిపిస్తోంది. చెల్లెలు ఈ పుస్తకం దూరం నుంచి చూసి, "పేజీకి ఆరు లైన్లేనా? దారిన పోయేవాళ్ళు చదవాలనా?" అంది. రాసేది గుండ్రంగా, పెద్దగా ఉండాలని నాన్నే నేర్పాడు.

శనివారం

కొత్త గోళాలు ఆరాయి. తనిఖీకి కూర్చున్నాను. ముగ్గురూ చుట్టూ చేరారు. సాధారణంగా చేరరు. తమ్ముడి ఫోను మోగితే కట్టేశాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

చెల్లెలు ఒక గోళం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "బాగా చూడక్కా. తొందర లేదు" అంది.

తిప్పాను. అతుకులు వెన్నలా ఉన్నాయి. ఎక్కడా ముడత లేదు, గాలి బుడగ లేదు. అది మనసులోనే మెచ్చుకున్నాను. మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అలాస్కాలో చలి తగ్గనీ. బ్రెజిల్‌లో అడవులు ఉండనీ. ఈజిప్టుకి నైలు ఉంది, నైలుకి నువ్వున్నావు. ఇథియోపియాలో వానలు పడనీ. మంగోలియాలో గుర్రాలకి మేత దొరకనీ. న్యూజిలాండ్ దగ్గర ఆగి రెండు మాటలు ఎక్కువే చెప్పాను, ఈ మధ్య దాన్ని బాగా ఇబ్బంది పెట్టాం కదా అని.

"బావుంది" అన్నాను.



"అక్కా, ఈజిప్టు ఏది?" అంది చెల్లెలు.

వేలు పెట్టాను. ఏ అతుకు పక్కన ఈజిప్టు ఉంటుందో నిద్రలో లేపినా చెప్తాను.

"బ్రెజిల్?"

వేలు పెట్టాను.

"మంగోలియా?"

"ఏమిటే ఈ పరీక్ష? నేనేమైనా ఉద్యోగానికి వచ్చానా?"

చెల్లెలు నా పక్కన నేల మీద కూర్చుంది. నా చెయ్యి గోళం మీద నుంచి తీసి తన చేతుల్లో పెట్టుకుంది. జిగురు చేతులు. "ఇందులో ఈజిప్టు లేదక్కా. ఏదీ లేదు. పన్నెండూ ఒకటో పట్టీలే అతికించాను. పన్నెండు అలాస్కాలు."

తమ్ముడు, "అమెరికా వాళ్ళు వింటే..." అని మొదలుపెట్టాడు. పూర్తి చేయలేదు. వాడు హాస్యం మధ్యలో ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

నేను పైకి వెళ్ళిపోయాను. మెట్ల కమ్మీ పట్టుకునే ఎక్కాను. ఎక్కేటప్పుడు ఒకటే తిరిగింది బుర్రలో. ఇథియోపియా వానలు ఏ సముద్రంలో పడమన్నానో.

ఆదివారం

ప్రార్థనకి కూర్చున్నాను. దేశాల వరకూ వెళ్ళలేదు. కళ్ళు మూసుకుంటే ఎంత కనిపిస్తోందో, తెరిస్తే అంతే కనిపిస్తోంది. ఈ మాట మొదటిసారి రాస్తున్నాను. చూసేది ఎలాగూ దేవుడొక్కడే.

సాయంత్రం అందరం వర్క్‌షాపులో కూర్చున్నాం. ఇంట్లో హాలుంది, అయినా నిర్ణయాలకి కిందికే దిగుతాం.

"సీజను అయ్యాక చేయించుకుంటాను" అన్నాను.

"మనకి సీజను ఎప్పుడు అవుతుందక్కా? ఏదో ఒక దేశం ఎప్పుడూ చీలుతూనే ఉంటుంది" అన్నాడు తమ్ముడు.

"నా చోట వేరేవాళ్ళని పెట్టుకోండి. నేను పక్కకి జరుగుతాను."

"నీ కుర్చీ ఎవడిక్కావాలి? కుంటి కుర్చీ" అంది చెల్లెలు. "నాన్న కళ్ళు నాన్నవి. నీ కళ్ళు నీవి. ఆయన చెయ్యి పట్టుకుని నువ్వు నడిపించావు. నీ చెయ్యి పట్టుకుని నేను నడిపించాల్సి వస్తే నడిపిస్తాను. కానీ దారి పొడుగునా తిడుతూనే ఉంటాను, ముందే చెప్తున్నాను."

"అది మాత్రం నిజం వదినా" అంది మరదలు.

తిడుతుంది. నాకు తెలుసు.

ఎంతకీ తెగలేదు. ఆఖరికి మరదలే లేచింది. వెళ్ళి గోళం తెచ్చి బల్ల మీద పెట్టింది. అన్ని దేశాలూ ఉన్నదేనా అని అడిగాను. ఉన్నదే అంది. "నీళ్ళా, నేలా? పెద్దవారు మీరే ఎంచుకోండి వదినా" అంది.

ఇక నాకు బెంగ లేదు. నీళ్ళు అన్నాను. నీళ్ళు పడితే ఆపరేషన్ లేదు. మళ్ళీ ఎత్తకూడదు. నేల పడితే వాళ్ళు చెప్పినట్టు. ముగ్గురూ సరేనన్నారు. మరీ సులువుగా ఒప్పుకున్నారు.

కళ్ళు మూసుకున్నాను. మూయకపోయినా ఒకటేగా అన్నాడు తమ్ముడు. చెల్లెలు వాణ్ణి కొట్టిన చప్పుడు వినిపించింది. తిప్పాను. కావాలనే వేలు కిందికి జార్చాను. గోళం ఆగింది. అడుగు ఇరుసుకి అరజానెడు పైన ఉంది నా వేలు. ఆ ఎత్తున దక్షిణ అమెరికా తోక ఒక్కటి తప్ప చుట్టూ నీళ్ళే. ఆ తోక పక్క అతుకు నా వేలికి తెలుసు. నా వేలు దాని దరిదాపుల్లో లేదు.

"నేల!" అన్నాడు తమ్ముడు.

"నేలే!" అంది చెల్లెలు.

"ఏ దేశం?" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. వాడు మంగోలియా అన్నాడు. అది పెరూ అంది.



మరదలు గొంతు సవరించుకుంది. "రెండింటి సరిహద్దు మీద పడింది వదినా" అంది.

ఇన్నేళ్ళు నీళ్ళు అన్నాను. వాళ్ళు ఇన్నేళ్ళు ఊరుకున్నారు. వేలు అక్కడే ఉంచి కాసేపు కూర్చున్నాను. చల్లగా, నున్నగా ఉంది సముద్రం. వార్నిష్ బాగా కుదిరింది.

"సరే. ఆట ఆటే" అన్నాను.

నిర్ణయం ఇది. ఎల్లుండి ఒక కంటికి ఆపరేషన్. అది తేరుకున్నాక రెండోది. ముగ్గురూ వస్తారు, వర్క్‌షాపుకి తాళం. ఈలోగా స్కూలు గోళాల తనిఖీకి నా పక్కన మరదలు కూర్చుంటుంది. నేను పేర్లు చెప్తాను, ఆమె చూస్తుంది. కట్టు విప్పే రోజు మొదట చూడటానికి పన్నెండు అలాస్కాల గోళం తెస్తానంది చెల్లెలు. దాన్ని చూసి నేను తిడితే చూపు వచ్చినట్టట.

ప్రార్థన అన్ని దేశాలకీ చెప్పాను. చివర్లో ఒక మాట కలిపాను. మంగోలియా, పెరూ సరిహద్దున ఉండేవాళ్ళు ముగ్గురే. వాళ్ళని చల్లగా చూడు.